చెరెవా దుకాణానికి నోరు

న్కొరాంజా,
12 జనవరి 1997.

నా చిట్టితల్లి చెరెవాకి,

అమ్మమ్మ యా పొమా రాసేది. నేను బాగానే ఉన్నాననుకో. ధూళిగాలి మొదలై వారమైంది. నాకు పెదవులు పగిలాయి, నీకూ పగిలే ఉంటాయి. షియా వెన్న రాసుకుంటున్నావో లేదోనని అదొక బెంగ.

నిన్న కుమాసీ లారీ డ్రైవరు గుమ్మంలో నిలబడి, "అమ్మా, నీ మనవరాలు మేడమ్ దగ్గర పని మానేసి సొంత కుట్టు దుకాణం పెట్టిందట" అన్నాడు. సంతోషించబోయాను. "ఇంకో ఇద్దరు చెవిటి ఆడవాళ్ళతో కలిసి" అన్నాడు. చేతిలో చేమాకుల గిన్నె జారి కింద పడింది. "చెవులున్నవాళ్ళు ఎవరున్నారయ్యా అందులో?" అని అడిగితే, "ఎవరూ లేరమ్మా, బోర్డు మీదే రాసుకున్నారు చూడు" అని ఒకటే నవ్వు.

'ముగ్గురు చెవిటి ఆడవాళ్ళ ఫ్యాషన్స్' అని మూరెడెత్తు ఎర్రటి అక్షరాలు రాయించావట! నిజమేనా? జ్వరంలో నీ చెవులు పోయేసరికి నీకు నాలుగేళ్ళు. ఆనాటి నుంచీ సంతలో ఎవరైనా పిలిచి నువ్వు పలక్కపోతే "పిల్లకి సిగ్గెక్కువ" అని కప్పిపెట్టుకుంటూ వచ్చాను. ఇరవై ఏళ్ళు నేను కప్పింది నువ్వు బోర్డెక్కించావు.

రాత్రంతా నిద్ర లేదు. పక్క దుకాణానికి నిప్పంటుకుంటే ఆ కేకలు మీలో ఎవరు వింటారు? గుమ్మంలో ఎవరో "అగో" అని పిలిస్తే "అమే, లోపలికి రండి" అని పలికేదెవరు? కొలతలు చెప్పేవాళ్ళు ఏ గోడకి చెప్పాలి?

ఒక మాట ఆలోచించు. మన రాజుగారు కూడా జనంతో తిన్నగా మాట్లాడరు కదా. పక్కన బంగారు తల ఉన్న కర్ర పట్టుకుని ఒచియామె నిలబడతాడు, రాజు మాటను ఆయనే నలుగురికీ చెబుతాడు. రాజుకే లేని నామోషీ నీకెందుకే? నీకూ ఒక ఒచియామె కావాలి. నీ పెద్దమ్మ కొడుకు బదూ ఖాళీగా ఉన్నాడు. నోరున్నవాడు, ఇంగ్లీషు చదివినవాడు, పైగా సొంత రక్తం. పంపిస్తాను. ఏమంటావు?

నీ గురించే కుమిలిపోతూ,
అమ్మమ్మ.


కుమాసీ,
2 ఫిబ్రవరి 1997.

అమ్మమ్మా,

బోర్డు నిజమే. అక్షరాలు ఎరుపు కాదు, నీలం.

పొగ వాసన మాకూ తెలుస్తుంది, మా ముక్కులు బాగానే ఉన్నాయి. గుమ్మంలో అడుగు పడితే కింద చెక్కలు కదులుతాయి, మా పాదాలకు తెలుస్తుంది. ఎదుటి గోడకు పెద్ద అద్దం పెట్టాం, తల వంచుకుని కుడుతున్నా తలుపు కనిపిస్తుంది. కొలతలు మేమే తీస్తాం. కావలసిన బొమ్మ వాళ్ళు గీస్తారు, గీయలేనివాళ్ళు వేలితో చూపిస్తారు. బేరం మాత్రం మాతో ఎక్కువసేపు చెయ్యలేరు. ఏడ్చినా తిట్టినా మాకు వినపడదని వాళ్ళకు తొందరగానే అర్థమవుతోంది.

నాతో ఉన్నవాళ్ళు మవుసి, లారిబా. చెవిటి పిల్లల బడిలో నా పక్క మంచాలు వాళ్ళవి. ఇప్పుడొక కొత్త రకం కాబా జాకెట్టు కుడుతున్నాం. మామూలు కాబాకి పెద్ద పెద్ద కుచ్చుల చేతులుంటాయి కదా, అవి మాకు పనికిరావు. చేతులతో మాట్లాడేటప్పుడు కుచ్చు మణికట్టు మీద పడితే మాట మీద గుడ్డ కప్పినట్టే. అందుకని లారిబా చేతుల్ని మోచేతి దాకా బుట్టలా నిలబెట్టి అక్కడితో బిగుతుగా ఆపేసింది. ఛాతీ మీద పూలు లేకుండా ఒకే ముదురు రంగు. దాని ముందు వేళ్ళు బాగా కనిపిస్తాయి. పూలన్నీ కింది గుడ్డకు పంపించాం. మా కోసం కుట్టుకున్నాం. ఇప్పుడు కెజెటియా బజారులో చేపలమ్మేవాళ్ళు దీనికోసం వరస కడుతున్నారు. చేపల తొట్టిలో చెయ్యి ముంచినా జాకెట్టు తడవదట.

నాకు ఒచియామె వద్దు. రాజుకు చెవులున్నాయి, తన ఒచియామె తప్పు చెబితే అక్కడే పట్టుకుంటాడు. నా ఒచియామె ఏం చెప్పాడో నాకెలా తెలుస్తుంది? ఏడేళ్ళు మేడమ్ వెనక గదిలో కూర్చుని కత్తిరించాను. ముందు గదిలో మెప్పంతా మేడమ్‌కి దక్కింది. ఇప్పుడు ముందు గది నాది.

బదూని పంపకు.

చెరెవా.


న్కొరాంజా,
13 ఫిబ్రవరి 1997.

నా చిట్టితల్లి చెరెవాకి,

నీ ఉత్తరం ఇవాళే చేతికి వచ్చింది. నీ 'వద్దు' నాకు చేరేసరికి బదూ వెళ్ళి మూడు రోజులైంది. రెండు బస్తాల పెండలం, ఒక సీసా మిరపపచ్చడి ఇచ్చి పంపాను. పెండలం మెత్తబడకముందే తినండి, మిగతా ఇద్దరు పిల్లలకూ పెట్టు. పాపం వాళ్ళ తల్లులు ఎంత బెంగపడుతున్నారో.

అమ్మమ్మని "పంపకు" అని కట్టె విరిచినట్టు అంటావా? ఎవరు నేర్పారే నీకు? బడిలో ఇదేనా చెప్పింది? పోనీలే. వాడు వచ్చేశాడు కాబట్టి పక్కన ఒక స్టూలు వేసి కూర్చోబెట్టు. నీకు నచ్చకపోతే కొబ్బరికాయలు తేవడానికైనా పంపు.

వాడెంత బాధ్యతగా ఉన్నాడో తెలుసా? వెళ్ళేముందు ఇంగ్లీషు కాగితం ఒకటి తెచ్చాడు. "దుకాణానికి కరెంటు మీటరు పెట్టాలి అమ్మమ్మా, ఇంటి ఆడపెద్ద సంతకం అడుగుతున్నారు" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కింది దాకా చూసి సంతకం పెట్టాను. ఇక మీ మిషన్లు కరెంటు మీద తిరుగుతాయి. ఆ తీగలు జాగ్రత్త, తడి చేతులతో ముట్టుకోకండి. మన వీధిలో ఒకాయన అలాగే పోయాడు.

బెంగతో,
అమ్మమ్మ.


కుమాసీ,
23 మార్చి 1997.

అమ్మమ్మా,

పెండలం తిన్నాం. మిరపపచ్చడి మవుసి ఒక్కతే సగం లాగించింది.

మీటరు రాలేదు. బదూ మాత్రం వచ్చాడు. వచ్చిన రోజున స్టూలు అడిగాడు, మర్నాటికి కుర్చీ అడిగాడు. ఇప్పుడు తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాడు. అంతకుముందు జనం నా ముఖం చూసి, చేతులు తిప్పి, ఎలాగో నాతోనే మాట్లాడేవాళ్ళు. ఒక చేపలావిడైతే 'రేపు', 'బిగుతు', 'అన్యాయం' అనే మూడు మాటలకు సైగలు కూడా నేర్చుకుంది. ఇప్పుడు అందరూ అతని వైపు తిరుగుతున్నారు. నా దుకాణంలో నేను వాళ్ళ వీపులు చూస్తున్నాను.

నేను "పొడవు తగ్గించాలా?" అని రెండు సైగలు చేస్తాను. అతని నోరు అరగంట ఆడుతుంది. "ఏం చెప్పావు?" అని కాగితం మీద రాస్తే "ఏం లేదు, పొడవు గురించే" అని రాస్తాడు. లారిబా అంటోంది, "ఈయన పొడవుకి ఎన్ని గజాల గుడ్డ పడుతుందో" అని.

పోయిన వారం అక్రాలో ఫ్యాషన్ ప్రదర్శన జరిగింది. మేం కుట్టిన పదిహేను కాబాలు తీసుకుని తనొక్కడే వెళ్ళాడు. మాకు చోటు లేదన్నాడు. నిన్న పేపర్లో బొమ్మ పడింది. మేం కుట్టిన కాబా చేతులు, ముదురు రంగు ఛాతీ, అన్నీ ఉన్నాయి. వాటి మధ్యలో బదూ నవ్వుతూ నిలబడ్డాడు. కింద 'కొత్త కాబా చేతిని కనిపెట్టిన కుమాసీ డిజైనర్' అని రాశారు. మా ముగ్గురి పేర్లలో ఒక్కటీ లేదు.

అతన్ని వెనక్కి పిలు. నీ మాట వింటాడు.

చెరెవా.


న్కొరాంజా,
15 ఏప్రిల్ 1997.

చెరెవా,

కుటుంబ పెద్దాయన అంత్యక్రియలకు బదూ కారులో వచ్చాడు. అద్దె కారేలే. నాకు నల్ల గుడ్డ ఆరు గజాలు తెచ్చాడు. పేపర్లో బొమ్మ అందరికీ చూపించాడు. నేనూ చూసి సంబరపడ్డాను, ఎందుకు దాచాలి? మన ఇంటివాడి బొమ్మ పేపర్లో ఎప్పుడు పడింది కనక. అందులో నీ పేరు లేదంటే, పేపరువాళ్ళకు స్థలం చాల్లేదేమో.

తర్వాత నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు. నువ్వు వాడి మీదికి కత్తెర ఎత్తావట! "కళ్ళలో పొడవబోయింది అమ్మమ్మా. చెవిటితనం ముదిరి దాని తలకెక్కింది" అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా "అయ్యో అయ్యో" అని బుగ్గలు నొక్కుకున్నారు. మీ పెద్దమ్మయితే, "మొదటే అన్నాను, దాని చేతిలో పదునైన పని పెట్టొద్దని" అంది.

చిన్నప్పుడు కోడిని కోస్తుంటే కళ్ళు మూసుకునేదానివి. నువ్వేనా ఇలా చేసింది? వాడికి క్షమాపణ చెప్పు. వాడు లేకపోతే నీ తరపున మాట్లాడేదెవరు? నేను పోతే నీకెవరు?

ఒక్క సంగతి మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది, రాయకుండా ఉండలేను. వాడు అందరితోనూ 'మా దుకాణం' అనలేదు, 'నా దుకాణం' అన్నాడు. మాట జారిందేమోలే.

అమ్మమ్మ.


కుమాసీ,
4 మే 1997.

అమ్మమ్మా,

చేతిలో కత్తెర ఉండగా మాట్లాడాను. పని చేసుకునే చెవిటివాళ్ళందరం అలాగే మాట్లాడతాం. నువ్వు గరిటె పట్టుకుని మాట్లాడవా? నేను అన్నది "పేపర్లో మా పేర్లేవి?" అని, అంతే.

గురువారం పొద్దున వచ్చేసరికి తలుపుకు కొత్త తాళం ఉంది. బోర్డు మీద మా పేరు చెరిపేసి తెల్లరంగు కొట్టారు. దాని మీద 'బదూ రాయల్ ఫ్యాషన్స్'. మా మూడు మిషన్లు లోపలే ఉన్నాయి. మవుసి కిటికీ చువ్వలు పట్టుకుని ఊపింది. పోలీసు వచ్చి తన చెవి మీద వేలు పెట్టి, ఇక్కడ చెవులున్నవాళ్ళు ఎవరు అన్నట్టు అడిగాడు. బదూ ముందుకొచ్చి తన జేబులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. పోలీసు అది చదివి మా ముగ్గురినీ ఫుట్‌పాత్ మీదికి తోశాడు.

ఆ కాగితం నకలు నాకు దొరికింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మన ట్వీ భాషలో రాస్తున్నాను, ఇంట్లో ఎవరూ అర్థం కాలేదనకుండా:

'నా మనవరాలు చెవిటిది. తన మంచిచెడ్డలు తెలుసుకోలేదు. వ్యాపారం చేయడానికి, ఒప్పందాలు చేసుకోవడానికి చేతకాని మనిషి. ఆమెకు చెందిన దుకాణం, సామగ్రి, నమూనాలు అన్నిటి మీదా నా మనవడు బదూకి అధికారం ఇస్తున్నాను. ఇది పూర్తిగా చదివి, ఇష్టపూర్వకంగా సంతకం చేశాను.'

కింద నీ సంతకం ఉంది.

పైనుంచి కింది దాకా చూసి పెట్టానని నువ్వే రాశావు. మీటరు కాగితమని ఎందుకు రాశావు? నన్ను చేతకాని మనిషనుకుంటున్నావని ముఖం మీదే చెప్పి ఉంటే సరిపోయేది. బోర్డు చూసి నువ్వెందుకంత అదిరిపడ్డావో ఇప్పుడు అర్థమైంది.

కోర్టులో కేసు వేశాం. జూన్ పదో తారీకున విచారణ. నువ్వు రావద్దు.

చెరెవా.


న్కొరాంజా,
11 మే 1997.

నా తల్లీ,

ఈ ఉత్తరం చింపకుండా చివరిదాకా చదువు, నీకు దండం పెడతాను.

నాకు ఇంగ్లీషు చదవడం రాదు.

ఒక్క అక్షరం రాదు. మూడో తరగతితో మాన్పించారు. ట్వీ బైబిలు చదువుతాను, ఉత్తరం రాస్తాను, అంతవరకే. నువ్వు చెవిటి పిల్లల బడికి వెళ్ళాక ఇంగ్లీషు కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టేదానివి. నువ్వు నా ముఖంలోకే చూస్తూ నిలబడేదానివి. నీకేమో వినపడదు, నాకు చదవడం రాదు, ఇంక ఈ పిల్లకి ఎవరున్నారు అనిపించి కళ్ళజోడు పెట్టుకుని చదివినట్టు నటించాను. ఒకసారి నటించాక ఇక ఆపడం కుదరలేదు. ఆ మీటరు కాగితం ముందూ అదే చేశాను. బదూకి తెలుసు నాకు రాదని. ఇంట్లో ఆ సంగతి తెలిసింది వాడొక్కడికే.

ఎందుకంటే నీ బడి కాగితాలు నువ్వు పడుకున్నాక వాడితోనే చదివించుకునేదాన్ని.

నీ ఉత్తరం రాగానే పెట్టె అడుగునున్న ఆ కాగితాలన్నీ మూటగట్టి చర్చి ఉపదేశి దగ్గరికి పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. "ఇవి చదివి పెట్టు నాయనా" అన్నాను. ఆయన చదివాడు. 'కుట్టుపనిలో ప్రథమం. బొమ్మలు గీయడంలో ప్రథమం. ఈ అమ్మాయి మా బడికి గర్వకారణం.' ఇంకోటి తీశాడు, అదీ ప్రథమమే. తొమ్మిది కాగితాలు, తొమ్మిదింట్లోనూ అంతే. "ఏమ్మా, ఇంత మంచి మాటలకు ఏడుస్తావేం?" అన్నాడు.

బదూ నాకు చదివిందేమిటో తెలుసా? "అమ్మమ్మా, వెనకబడిందట. ఇంకా కష్టపడాలట." ప్రతిసారీ అదే. మొదటిసారి చదివినప్పుడు వాడికి పదిహేనేళ్ళు. పదిహేనేళ్ళవాడికి ఆ బుద్ధి ఎక్కడిదో నాకు అంతుపట్టడం లేదు. వాడి చదువు బాగాలేదని వాళ్ళమ్మ కొట్టేది, అందుకేనా? ఈ రెండు రోజులూ గోడకేసి చూస్తూ కూర్చున్నాను. వంట కూడా చెయ్యబుద్ధి కాలేదు.

వాణ్ణి నీ దగ్గరికి పంపింది నేనే. నీకు చేతకాదన్న భయం నాలో ఉంది, అదీ నిజమే. దాన్ని కాదనను. కానీ ఆ కాగితంలో మాటలు నావి కావు.

రావద్దన్నావు. నువ్వు రమ్మంటేనే వస్తాను.

అమ్మమ్మ.


కుమాసీ,
20 మే 1997.

అమ్మమ్మా,

నీ ఉత్తరం మవుసికీ లారిబాకీ చూపించాను. లారిబా అది రెండుసార్లు చదివింది. తర్వాత, "మీ అమ్మమ్మ మనకంటే ఎక్కువ దాచుకుంది" అంది.

ప్రతి సెలవులకూ ఆ కాగితం పట్టుకుని లారీలో ఆరు గంటలు కూర్చుని వచ్చేదాన్ని. నీ చేతిలో పెట్టి నీ ముఖం చూసేదాన్ని. నువ్వు చదివి, ముడుచుకున్న ముఖంతో మడిచి పెట్టెలో పెట్టేదానివి. ప్రథమం కూడా నీకు చాలలేదనుకున్నాను. అదే అనుకుంటూ పెరిగాను.

ఇప్పుడు నిన్నొకటి అడగాలి. ఆ కాగితం కొట్టెయ్యాలంటే దారి ఒక్కటే ఉందని లాయరు రాసి చూపించాడు. సంతకం పెట్టిన మనిషే వచ్చి, నాకు చదవడం రాదు, నన్ను మోసం చేశారు అని అందరి ముందూ చెప్పాలి. పెద్దమ్మ వాళ్ళు వస్తారు. మన ఊరివాళ్ళు వస్తారు. ఇంటి ఆడపెద్దవి నువ్వు. నీ మనవడి మీదే చెప్పాలి. నువ్వు రాకపోతే దుకాణం అతనిదే.

రమ్మని నేను బలవంతపెట్టను. కుదరకపోతే నాకు అర్థమవుతుంది.

చెరెవా.


న్కొరాంజా,
14 జూన్ 1997.

నా తల్లీ,

కోర్టు బయట నీతో నాలుగు మాటలైనా మాట్లాడనివ్వకుండా మీ పెద్దమ్మ నన్ను లారీలోకి తోసేసింది. ఇంటికొచ్చాక, "ఒక చెవిటిదాని కోసం నా కొడుకుని ఊరందరి ముందు దొంగని చేశావు" అంది. ఆ రోజు నుంచి తన పొయ్యి వేరు, నా పొయ్యి వేరు. ఎదురుపడినా ముఖం తిప్పుకుంటోంది. నేను ఏడుస్తున్నాను, కానీ చేసినదానికి కాదు.

అక్కడ నీకు వినపడని సంగతులు కొన్ని ఉన్నాయి, రాస్తాను. నేను బోనెక్కుతుంటే నా వెనక బల్ల మీద బదూ, "ముసల్దానికి మతి పోయింది, చూస్తుండండి" అని గొణిగాడు. మేజిస్ట్రేటు అమ్మగారు కాగితం ఇచ్చి "చదవండమ్మా" అన్నారు. పాత అలవాటు చూడు, నా చెయ్యి కళ్ళజోడు మీదికే పోయింది. ఇంకొక్క క్షణమైతే చదివినట్టు నటించేదాన్నేమో, దేవుడా! జోడు తీసి బల్ల మీద పెట్టి "నాకు రాదండీ" అన్నాను. వెనక ఎవరో "ఆడపెద్దకి చదువు రాదట!" అన్నారు. అప్పుడు నాకెక్కడి నుంచి వచ్చిందో కోపం, "నా మనవరాలు ఇంగ్లీషూ చదువుతుంది, ట్వీ కూడా చదువుతుంది. ఈ ఇంట్లో చేతకాని మనిషని ఎవరి పేరైనా రాయాలంటే నా పేరు రాసుకోండి" అన్నాను.

జనం నవ్వారు. తర్వాత ఒక్క క్షణానికి నువ్వు నవ్వావు.

నేను తెల్లబోయాను. మా మాటలను నీకు సైగల్లో చెప్పడానికి కోర్టువాళ్ళు పిలిపించిన ఆ సైగలమ్మాయి నీ ముందు నిలబడి చేతులు తిప్పుతోంది కదా. నేనన్న మాట ఆ చేతుల్లోంచి వెళ్ళి నీ ముఖం మీద పడడం కళ్ళారా చూశాను. ఇరవై నాలుగేళ్ళుగా నిన్ను పెంచాను. తిను, రా, స్నానం చెయ్యి, చర్చికి పద. నీతో నాకున్న సైగలు అవే. నేనన్న మాట తరుగు లేకుండా నీకు చేరడం అదే మొదలు.

ఆ తర్వాత నువ్వు మాట్లాడావు. ఆ అమ్మాయి నీ చేతులు చూసి పైకి చెబుతుంటే విన్నాను. కాబా చేయి ఎక్కడ కత్తిరించారో, ఎందుకు కత్తిరించారో, ఎవరు కత్తిరించారో, అన్నీ చెప్పావు. బదూని సూదిలో దారం ఎక్కించమనండి, ఎక్కిస్తే దుకాణం ఇచ్చేస్తాను అన్నావు. మేజిస్ట్రేటమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మో, ఆపితేనా! నా చెవులను నేనే నమ్మలేదు. నువ్వు ఇంత వాగుడుకాయవా? నెమ్మదైన పిల్లవని ఊరందరికీ చెప్పుకున్నానే! నా ఇంట్లో ఇన్నేళ్ళు ఇన్ని మాటలు లోపల పెట్టుకుని కూర్చున్నావా? నేనేం చేశాను తల్లీ, ఎదురుగా కూర్చుని ఒక్కటీ వినలేదు.

కాగితం కొట్టేశారని, తాళం చెవులు మీ చేతిలో పెట్టారని, నాతో కోర్టుకు వచ్చి చివరిదాకా ఉన్న ఉపదేశి చెప్పాడు. బోర్డు మళ్ళీ రాయిస్తారు కదా. ఈసారి పేరు కింద మీ ముగ్గురి పేర్లూ విడివిడిగా రాయించు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, లారీలోంచి కనిపించేటట్టు.

ఇరవై మూడో తారీకు సోమవారం లారీకి వస్తున్నాను. నీ దుకాణానికి నోరుగా ఉండడానికి కాదు, భయపడకు. బొత్తాలు కుడతాను, గుడ్డలు మడతపెడతాను. మిగతా సమయం ఆ చేపలావిడ నేర్చుకున్నట్టు నాకూ నేర్పండి. కోర్టు వరండాలో ఆ సైగలమ్మాయిని పట్టుకుని "నన్ను క్షమించు అని ఎలా అనాలి?" అని అడిగాను. చూపించింది. మూడు రోజులుగా చేస్తున్నాను. కీళ్ళవాతంతో నా వేళ్ళు సరిగా చాచుకోవు. చేసినప్పుడల్లా ఒక్కోలా వస్తోంది. నాకు నత్తి అనుకుంటారేమో మీ వాళ్ళు. అదొక బెంగ.

నేను గుమ్మంలోకి రాగానే అదే చేస్తాను. తప్పుగా చేస్తే దిద్దు. సరిగ్గా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేస్తాను.

అమ్మమ్మ.